మా నూతిలో ఏటుందో ఆ మిషను సూడనేరేటి?

ఈ ప్రశ్న నాది కాదు, మా మావయ్యది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అడిగాడు. మాది ఉద్దానం, కవిటి వైపు. ఆయన వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళొస్తాడు. ఆ రోజు కూడా వెళ్ళొచ్చి అరుగు మీద నడుం వాల్చాడు. పక్కన కూచుని ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని నేను అప్పుడే చదివిన కార్బన్ నానోట్యూబుల సంగతి ఎత్తుకున్నాను. వెంట్రుక లావులో ఎనభై వేలో వంతు ఉంటుంది మావయ్యా ఆ గొట్టం, దాని మీద లేజరు వేసి, చెదిరి వచ్చిన వెలుగు చూసి గొట్టం ఎంత లావుందో చెప్పేస్తారు, అని.

ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు. విని, "అంత సన్న గొట్టం సూసేత్తన్నారు. మరి మా నూతిలో ఏటుందో ఆ మిషను సూడనేరేటి?" అన్నాడు.

"చూడగలదు" అనబోయి ఆగిపోయాను. "చూడలేదు" అనడానికీ నోరు రాలేదు. కనుక్కుని చెప్తానన్నాను. మన వృత్తిలో "చెక్ చేసి చెప్తాను" అంటే ఏమిటో మీకు తెలుసు కదా. కానీ ఈసారి నిజంగానే చెక్ చేశాను. ఈ టపా ఆ జవాబే. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

వెతుకుతుంటే ముందు తెలిసిందేమిటంటే, ఈ కథ అమెరికాలో మొదలవలేదు. మా పలాస స్టేషన్లో రైలెక్కితే మూడు నాలుగు గంటల్లో దిగే ఊళ్ళో దీని వేళ్ళున్నాయి.

* * *

రామన్ తమిళుడనీ, కలకత్తాలో పనిచేశాడనీ అందరికీ తెలుసు. ఆయన పెరిగింది విశాఖపట్నంలో అన్నది చాలామందికి తెలీదు. 1888లో తిరుచిరాపల్లిలో పుట్టాడు. తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కి 1892లో విశాఖలోని ఏవీఎన్ కాలేజీలో లెక్కలూ, ఫిజిక్సూ చెప్పే ఉద్యోగం వచ్చింది. పిల్లవాడు సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. తర్వాత తండ్రి కాలేజీలోనే చదివి, అక్కణ్ణుంచి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్ళాడు. చిన్నప్పుడు రోజూ చూసిన విశాఖ సముద్రమే ఆయన్ని పెద్దయ్యాక "సముద్రం ఎందుకు నీలంగా ఉంటుంది" అని అడిగించింది అంటే కథ బాగుంటుంది గానీ, నేను అనను. 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగొస్తూ మధ్యధరా సముద్రం నీలాన్ని చూసి ఆ ప్రశ్న వెంట పడ్డాడన్నది మాత్రం చరిత్రలో ఉన్నదే.

ఆ ప్రశ్న ఏడేళ్ళు నడిచి 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో తేలింది. పక్కన కె.ఎస్. కృష్ణన్ ఉన్నాడు. తేలిన విషయం ఇది. ఒకే రంగు వెలుగుని ఒక పదార్థం మీద వేస్తే, చెదిరిన వెలుగులో దాదాపు అంతా అదే రంగులో వస్తుంది. కానీ సుమారు కోటి కిరణకణాల్లో ఒకటి మాత్రం కొంచెం రంగు మారి వస్తుంది. ఎందుకు మారుతుందీ? పదార్థంలోని పరమాణువులు ఊరికే ఉండవు, స్ప్రింగులతో కట్టిన గుళ్ళలా ఊగుతూ ఉంటాయి. వచ్చిన వెలుగు ఆ ఊగుడుకి కాస్త శక్తి ఇచ్చి పోతుంది, లేదా కాస్త తీసుకుని పోతుంది. ఎంత ఇచ్చింది, ఎంత తీసుకుంది అన్నది ఆ పదార్థాన్ని బట్టి ఉంటుంది. అంటే ఆ తేడా కొలిస్తే అక్కడున్నదేమిటో చెప్పొచ్చు. పదార్థాన్ని ముక్కలు చెయ్యక్కర్లేదు, కరిగించక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు కూడా.

1930లో నోబెల్ వచ్చింది. ఇక్కడిదాకా మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. అసలు నాకు కావలసిన మనిషి ఆ తర్వాత వస్తాడు.

* * *

సూరి భగవంతం. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టాడు. హైదరాబాదు నిజాం కాలేజీలో డిగ్రీ చదివి, 1928లో కలకత్తా వెళ్ళి రామన్ దగ్గర చేరాడు. ఎప్పుడు చేరాడో చూశారా? కొత్త ఎఫెక్ట్ బయటపడిన ఏడాదే. మన భాషలో చెప్పాలంటే, వెర్షన్ ఒకటి రిలీజైన వారంలో టీంలో చేరిన కుర్రాడన్నమాట.

1930లో వజ్రం మీద వెలుగు వేసి చూసినవాళ్ళలో ఆయనొకడు. అదే ఏడాది సి. రామస్వామి కూడా వజ్రం గురించి ప్రకటించాడు. వజ్రమంటే శుద్ధమైన కార్బన్. అక్కడ కనిపించింది ఒకే ఒక్క పదునైన గీత, 1332 దగ్గర. (ఈ అంకె ఏమిటంటే, వెలుగు రంగు ఎంత జరిగిందో చెప్పే కొలత. సెంటీమీటరు పొడవులో పట్టే అలల సంఖ్యలో తేడా. ఇకముందు అంకె ఒక్కటే చెప్తాను.) నానోట్యూబుల దాకా వెళ్ళిన దారికి మొదటి మైలురాయి ఇదే అని నా ఉద్దేశం. కార్బన్ మీద రామన్ గీత చదవడం 1930లో మనవాళ్ళు మొదలెట్టిన పని.

1932లో భగవంతం వాల్తేరు వచ్చాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు చేరింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రోజులు. కొత్త యూనివర్సిటీలో ఇరవైమూడేళ్ళ కుర్రాడు ఫిజిక్సు విభాగంలో కుదురుకున్నాడు. 1939లో టి. వెంకటరాయుడుతో కలిసి స్ఫటికాల నిర్మాణానికీ రామన్ ఎఫెక్ట్‌కీ ఉన్న సంబంధం మీద ఒక వ్యాసం రాశాడు. 1940లో వెలుగు చెదరడం మీదా, రామన్ ఎఫెక్ట్ మీదా ఒక పుస్తకం. 1948లో ఇద్దరూ కలిసి గ్రూప్ థియరీ, భౌతికశాస్త్రంలో దాని వాడకం మీద ఇంకో పుస్తకం. రెండూ వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయం అచ్చేసినవే. తర్వాత ఆయన ఉస్మానియా వైస్ ఛాన్సలరయ్యాడు, బెంగుళూరు ఐఐఎస్సీ డైరెక్టరయ్యాడు, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారయ్యాడు. 1989లో పోయాడు. మన తరంలో ఆయన పేరు విన్నవాళ్ళు ఎంతమందో మీరే చెప్పండి.

ఇంతకీ ఆ పుస్తకాల్లో ఏముంది? ఒక లెక్క ఉంది. యంత్రం దగ్గరకి వెళ్ళకముందే, కాగితం మీద, ఈ పదార్థం ఎన్ని గీతలు చూపించాలో చెప్పే లెక్క.

వజ్రమే తీసుకోండి. దాని నిర్మాణంలో మళ్ళీ మళ్ళీ వచ్చే అతి చిన్న ముక్కలో ఉండేవి రెండు కార్బన్ పరమాణువులు. ఒక్కోటి మూడు దిక్కుల్లో కదలగలదు, మొత్తం ఆరు కదలికలు. అందులో మూడు, రెండూ కలిసి ఒకే వైపు జరగడం. అవి ఈ గీతలకి పనికిరావు. మిగిలిన మూడూ ఒకదానికెదురు ఒకటి ఊగడం. వజ్రం ఏ దిక్కు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ మూడూ ఒకటే లెక్క. అంచేత ఒకే గీత రావాలి. వచ్చింది కూడా ఒకటే. 1332.

ఇంత చిన్న ముక్కకి వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు. ముక్కలో నలభై పరమాణువులుంటే? వస్తువు ఎన్ని విధాలుగా తిప్పినా, తిరగేసినా ఒకేలా కనిపిస్తుందో ఆ సౌష్ఠవాన్ని పట్టుకుని, ఏ ఊగుడు వెలుగుకి కనిపిస్తుంది, ఏది కనిపించదు అని వరసగా తేల్చే పద్ధతి కావాలి. గ్రూప్ థియరీని అణువుల ఊగుడుకి వాడడం జర్మనీలో విగ్నర్ 1930లోనే చూపించాడు. దాన్ని స్ఫటికాలకి అమర్చి, ల్యాబులో కూచున్న ఏ విద్యార్థయినా పట్టిక వేసుకుని చేసుకునే పనిగా మార్చినవాళ్ళు భగవంతం, వెంకటరాయుడు. ఇప్పటికీ స్ఫటికాల రామన్ పుస్తకాల్లో ఆ రెండు పేర్లతోనే ఆ పద్ధతి కనిపిస్తుంది.

నా లాంటివాడికి అర్థమయ్యేలా చెప్పాలంటే, అది స్పెక్. కోడు రన్ చెయ్యకముందే అవుట్‌పుట్ ఏం రావాలో రాసిపెట్టుకోవడం. స్పెక్ ఉంటేనే కదా బగ్ అనేది ఉండేది! స్పెక్ లేకపోతే వచ్చిందల్లా ఫీచరే.

ఇది తమాషాకి అనలేదు. గ్రాఫైట్ విషయంలో అక్షరాలా ఇదే జరిగింది. గ్రాఫైట్‌లో ఒక పొర తీసుకుంటే మళ్ళీ రెండు పరమాణువుల ముక్కే, మళ్ళీ ఆరు కదలికలే. లెక్క ప్రకారం ఒకే గీత రావాలి, అది 1580 దగ్గర. కానీ చాలా నమూనాల్లో 1350 దగ్గర ఇంకో గీత కనబడేది. లెక్కలో లేని గీత! 1970లో ట్యూన్‌స్ట్రా, కోనిగ్ అనే ఇద్దరు దాని గుట్టు విప్పారు. పొరలు ఎంత చిన్న చిన్న తునకలుగా ఉంటే ఆ గీత అంత పెద్దదవుతోంది. అంటే అది గ్రాఫైట్ గీత కాదు, గ్రాఫైట్ తెగినచోట్ల గీత, లోపం గీత. మా ఊళ్ళో కట్టెల పొయ్యి మీది గిన్నెకంటిన మసి గానీ, పలాసలో జీడిపిక్కలు కాల్చిన చోట పట్టిన మసి గానీ, కొబ్బరిచిప్ప బొగ్గు గానీ పెట్టి చూస్తే ఈ రెండు గీతలూ పక్కపక్కనే వస్తాయి. మంచి గ్రాఫైట్ పెడితే రెండోది దాదాపు ఉండదు.

ఒక్క మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అక్కరొస్తుంది. ఎన్ని గీతలు రావాలో ముందే లెక్క ఉండబట్టే, రాకూడనిది వచ్చిందని తెలిసింది.

* * *

ఇక గొట్టాల దగ్గరకి వద్దాం. 1991లో జపాన్‌లో ఇజిమా కార్బన్ నానోట్యూబుల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూపించాడు. 1993లో ఒకే గోడ ఉన్న గొట్టాలు దొరికాయి. 1996లో అమెరికాలో స్మాలీ బృందం వాటిని లేజరుతో పెద్దమొత్తంలో, కట్టలు కట్టలుగా తయారుచేసింది.

ఉద్దానం పిల్లలకి ఈ గొట్టం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కొబ్బరాకు చుట్టి బూర చేస్తాం కదా, అదే. ఒక పొర గ్రాఫైట్‌ని అలా చుడితే నానోట్యూబు. ఆకుని నిలువుగా చుట్టామా, ఏటవాలుగా చుట్టామా, ఎంత బిగించామా అన్నదాన్ని బట్టి బూర మారినట్టే ఇది కూడా మారుతుంది. చుట్టిన తీరుని రెండు అంకెలతో చెప్తారు. ఆ రెండంకెల్ని బట్టి గొట్టం లోహంలా కరెంటు పోనిస్తుందా, చిప్పుల్లో వాడే సిలికాన్‌లా సెమీకండక్టరవుతుందా అన్నది తేలిపోతుంది. సుమారు మూడోవంతు చుట్లు లోహాలవుతాయి. తయారుచేసినప్పుడు మాత్రం అన్నీ కలగాపులగంగా వస్తాయి. ఏది ఏదో ఎలా చెప్పడం?

1997 జనవరిలో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. గొట్టాలు స్మాలీవి, సిద్ధాంతం ఎంఐటీలో మిల్డ్రెడ్ డ్రెసెల్‌హౌస్, జీన్ డ్రెసెల్‌హౌస్ దంపతుల దన్నుతో, రామన్ కొలతలు కెంటకీ విశ్వవిద్యాలయం బృందానివి. పదమూడు మంది రచయితలు. వరసలో మొదటి పేరు అప్పారావు రావు. మా వైపు వీధికొక అప్పారావు ఉంటాడు గనక ఆ పేరు చూసి నాకు భలే సంతోషం వేసింది, దాచుకోవడం ఎందుకు! ఆయన తర్వాత క్లెమ్సన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి అక్కడ నానో పరిశోధనశాల నడిపాడు.

ఆ వ్యాసంలో మొదటి సంగతి మళ్ళీ లెక్కే. 10, 10 అనే రకం గొట్టం తీసుకుంటే, మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్కలో నలభై పరమాణువులు, నూట ఇరవై కదలికలు. సౌష్ఠవం లెక్క వేస్తే అందులో వెలుగుకి కనిపించేవి పదహారు దాటవు. వాల్తేరులో పట్టికలు వేసి చూపించిన దారిలోనే ఈ లెక్క నడిచింది. అందులో ఒక ఊగుడు చాలా ముచ్చటైనది. గొట్టం మొత్తం ఒక్కసారిగా ఉబ్బి, మళ్ళీ తగ్గుతుంది, ఊపిరి పీల్చి వదిలినట్టు. దాని పేరు కూడా శ్వాస కంపనమే. గొట్టం లావు పెరిగితే ఊపిరి నెమ్మదిస్తుంది, సన్నగా ఉంటే వేగం. కొద్దికాలానికే దీనికి తేలిక సూత్రం ఒకటి కుదిరింది. 248ని గీత అంకెతో భాగిస్తే వచ్చేదే గొట్టం లావు, నానోమీటర్లలో. 186 దగ్గర గీత వచ్చిందనుకోండి, లావు 1.33 నానోమీటర్లు. అంతే. స్కేలు పెట్టి కొలవడం కంటే సులువు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. నన్ను రాత్రంతా కూచోబెట్టింది ఇదే. వాళ్ళు లేజరు రంగు మార్చి చూశారు. నమూనా అదే, గొట్టాలు అవే, మారింది లేజరు రంగొక్కటే. గీతలు మారిపోయాయి! ఆకుపచ్చ లేజరుతో ఒక లావు గొట్టాలు కనిపిస్తే, ఎర్ర లేజరుతో ఇంకో లావువి కనిపించాయి. ఎందుకంటే ప్రతి గొట్టానికీ దానికి నచ్చిన రంగులు కొన్ని ఉంటాయి. ఆ రంగు తగిలితేనే అది గట్టిగా పలుకుతుంది. మిగిలినవన్నీ అక్కడే ఉంటాయి, నోరు మాత్రం విప్పవు. 1999లో కటావురా అనే జపాన్ శాస్త్రవేత్త ఏ లావు గొట్టం ఏ రంగుకి పలుకుతుందో ఒక పటంగా గీశాడు. ఇప్పటికీ ఈ రంగంలో వాళ్ళు గోడకి తగిలించుకునేది అదే. 2001 కల్లా ఒంటరిగా ఉన్న ఒక్క గొట్టం నుంచే గీతలు తీయగలిగారు.

మనవాళ్ళకి చెప్పాలంటే లేజరు ఒక గ్రెప్ కమాండు. మీరిచ్చిన పదం ఉన్న లైన్లే వస్తాయి. రాని లైన్లు ఫైల్లో లేవని కాదు, మీరు అడగలేదని. ఒకే కమాండు కొట్టి "లాగ్ క్లీన్‌గా ఉంది" అని మెయిల్ పెట్టిన పాపం మనలో ఎవరు చెయ్యలేదు చెప్పండి?

* * *

ఇప్పుడు మావయ్య నూతి దగ్గరకి.

ఉద్దానం తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొస, సముద్రం ఒడ్డు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఏడు మండలాలు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి తోటల్ని పడుకోబెట్టేసింది గానీ, అంతకు ముందే ఇంకోటి పట్టుకుంది. 1990ల నుంచీ ఇక్కడ కిడ్నీలు పాడవుతున్నాయి. షుగరు లేనివాళ్ళకి, బీపీ లేనివాళ్ళకి, ఎండలో పనిచేసే రైతులకీ కూలీలకీ. 2019లో ప్రచురించిన ఒక అధ్యయనం రెండు వేల పైచిలుకు మందిని పరీక్షిస్తే సుమారు 18 శాతానికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉంది. అందులో ఎక్కువమందికి మామూలు కారణాలేవీ కనబడలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, నికరాగ్వా, ఎల్ సాల్వడోర్ చెరుకుతోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. డాక్టర్లు దీనికి పెట్టిన పేరులోనే "కారణం తెలియని" అన్న మాట ఉంది.

రామన్ యంత్రం ఆ నూతిలో ఏముందో చూడగలదా? ఒక్కొక్కటీ తీసుకుందాం.

సీసం, కాడ్మియం లాంటి లోహాలు, ఫ్లోరైడు. ఇవి నీళ్ళలో ఒంటరి అయాన్లుగా ఉంటాయి. రామన్ గీత రావాలంటే ఊగడానికి కనీసం ఇద్దరుండాలి, మధ్యలో బంధం ఉండాలి. ఒంటరివాడు ఎవరితో ఊగుతాడు? వాటికి సొంత గీతే లేదు. ఎంత ఖరీదైన యంత్రం తెచ్చినా లేదు. లోహాలకైతే వేరే యంత్రం ఉంది, నీటి బొట్టుని ప్లాస్మాలో మండించి పరమాణువుల్ని బరువుని బట్టి వేరుచేసి లెక్కపెట్టేది.

సిలికా. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ రామన్‌కి బ్రహ్మాండంగా పలుకుతుంది, 464 దగ్గర. టెక్కలి వైపు క్వారీల్లో రాయి ముక్క తెచ్చి పెడితే అందులో ఏ ఖనిజాలున్నాయో కూచున్నచోటే చెప్పేస్తుంది. అదే సిలికా నీళ్ళలో కరిగిపోతే స్ఫటికం పోతుంది, గీత పలచబడిపోతుంది. నూతిలో ఉండే మోతాదులో పట్టుకోవడం చాలా కష్టం.

పురుగుమందులు. ఇవి అణువులు, వీటికి గీతలున్నాయి. కానీ లీటరు నీళ్ళలో గ్రాములో లక్షో వంతు, కోటో వంతు ఉన్నదానికి, కోటిలో ఒక్క కణం చొప్పున వచ్చే వెలుగు ఏం చాలుతుంది? 1970లలో దీనికో ఉపాయం దొరికింది. గరుకు చేసిన వెండి మీద అంటుకున్న అణువుల గీతలు లక్షల రెట్లు పెరుగుతాయి. దానితో పట్టొచ్చు, కానీ ఏ మందు కోసం చూస్తున్నామో ముందే తెలిసి ఉండాలి.

చూశారా మళ్ళీ ఎక్కడికొచ్చామో? ఏం అడగాలో ముందు తెలియాలి. అడిగినదానికే జవాబొస్తుంది.

ఉద్దానం చరిత్ర అంతా ఇలాగే నడిచింది. ఒకరు లోహాల కోసం చూశారు, ఒకరు సిలికా అన్నారు, ఒకరు పురుగుమందులన్నారు, ఒకరు ఎండదెబ్బ, చాలినన్ని నీళ్ళు తాగకపోవడం అన్నారు, ఒకరు ఒళ్ళు నొప్పుల మాత్రలన్నారు, ఇంకొకరు వంశపారంపర్యం అన్నారు. ఎవరినీ తప్పుపట్టడం లేదు. ప్రతివారూ చిత్తశుద్ధితో తమ లేజరు తాము వేసి చూశారు. ఒక్కోసారి ఏదో గీత వచ్చింది, ఒక్కోసారి రాలేదు. రానప్పుడు "నీళ్ళు బాగానే ఉన్నాయి" అన్న వార్త ఊళ్ళోకొచ్చింది. మా వాళ్ళు దాన్ని "మీకేం కాలేదు" అని విన్నారు. వాళ్ళకి కోపం రాదూ మరి?

ఇంకో చిక్కుంది. నానోట్యూబు బల్ల మీద ఉంటుంది, ఇవాళ వేసిన లేజరుకి ఇవాళే పలుకుతుంది. కిడ్నీ అలా కాదు. పనితనం దాదాపు సగం పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ పెద్దగా పెరగదు. అంటే ఇవాళ పరీక్షలో దొరికిన మనిషికి జబ్బు మొదలైంది ఎన్నో ఏళ్ళ కిందట. అప్పటి నీళ్ళు ఇవాళ నూతిలో లేవు. ఆ నుయ్యే ఉండకపోవచ్చు. ఇవాళ్టి నీళ్ళని ఎంత సూక్ష్మంగా చూసినా అప్పటి సంగతి చెప్పవు.

అప్పటి సంగతి చెప్పగలిగింది ఒకటే, లెక్క. ఎవరు ఎక్కడ ఎన్నేళ్ళు ఏ నీళ్ళు తాగారు, ఏ పని చేశారు, ఏ మాత్రలు మింగారు, మొదటి పరీక్షలో క్రియాటినిన్ ఎంతుంది, తర్వాత ఎంతైంది. ఇది ముందు నుంచీ రాసిపెట్టి ఉంటే, జబ్బు ఎక్కువున్న ఊరు, పక్కనే జబ్బు లేని ఊరు, రెండిటికీ తేడా ఎక్కడో దానంతటదే గీతలా కనిపించేది. గ్రాఫైట్‌లో లోపం గీత కనిపించినట్టు. 1990లలో మా దగ్గర ఆ లెక్క లేదు. ఈ ఊళ్ళో మామూలుగా ఎంతమందికి రావాలో తెలియనప్పుడు, ఎంతమందికి ఎక్కువొచ్చిందో ఎవరు చెప్తారు? మనుషులు పోతుంటే "ఏదో రోగం" అనుకున్నారు. స్పెక్ లేదు కాబట్టి బగ్ ఎవరికీ కనపడలేదు.

ఇప్పుడు కొంత మారింది. టెక్కలి, పలాస, సోంపేట, కవిటిల్లో డయాలసిస్ దొరుకుతోంది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి నీళ్ళు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం మొదలయ్యాయి. కారణం తేలేదాకా ఆగకుండా నీళ్ళు మార్చడం సరైన పనే. ప్రొడక్షన్ పడిపోతున్నప్పుడు ముందు ట్రాఫిక్ మళ్ళిస్తాం, మూలకారణం తర్వాత వెతుకుతాం. కానీ మళ్ళించాక వెతకడం మానేస్తాం చూడండి, అక్కడే నా భయం. పైగా నీళ్ళు మారిన ఈ ఏళ్ళే అసలు లెక్క రాయాల్సిన ఏళ్ళు. నీళ్ళు మారాక కొత్త కేసులు తగ్గితే నీళ్ళదే నేరం. తగ్గకపోతే ఎండ వైపు, మాత్రల వైపు ఇంకో లేజరు వెయ్యాలి. ఇప్పుడు రాసుకోకపోతే ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకో మేనల్లుడు ఇంకో టపా రాస్తాడు, ఇవే మాటలు.

* * *

మావయ్యకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంటే ఇంత చెప్పలేదు లెండి. "మావయ్యా, ఆ మిషను అడిగినదే చెప్తాది. ఏం అడగాలో మనమే చెప్పాలి. నువ్వు ఏయే నీళ్ళు తాగేవో మిషనుకి తెలీదు" అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"నాకు తెల్సు గదరా" అన్నాడు. "రాసుకో. పెళ్ళయ్యేదాకా తోటలో నుయ్యి. ఆ తర్వాత గుడికాడ నుయ్యి, అదిప్పుడు పూడిపోయింది. తుపానొచ్చిన ఏడు నుంచి బోరు. మీ అత్తకి గుడికాడ నీళ్ళు పడేవి కావు, అది పుట్టింటి కాడ నుంచి తెచ్చుకునీది. దానికి కిడ్నీ బాగుంది."

నేను స్ప్రెడ్‌షీట్ తెరిచి రాసుకున్నాను. రెండు వరసలు. దీని వల్ల ఏదీ తేలదు, రెండు వరసలతో ఏ లెక్కా నిలబడదు, అది నాకూ తెలుసు. కానీ ఆ పూడిపోయిన నుయ్యి ఇప్పటిదాకా ఏ కాగితం మీదా లేదు, ఆయన బుర్రలో తప్ప. ఆ బుర్ర వారానికి రెండుసార్లు నాలుగు గంటలు మిషను పక్కన పడుకుంటోంది, అడిగేవాళ్ళు లేక.

ఉద్దానం వైపు వాళ్ళు ఇది చదువుతుంటే, ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాసుకోండి. ఏ నుయ్యి, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా. పరిశోధన చేసేవాళ్ళు ఊళ్ళోకొచ్చినప్పుడు ఆ కాగితం వాళ్ళ చేతిలో పెట్టండి. యంత్రాలు వాళ్ళ దగ్గరున్నాయి. లెక్క మన దగ్గరుంది.